నాగార్జునకొండలో రాత్రి బస

బొల్లాపల్లి ప్రాంతము నుండి నాగార్జునకొండ చూడగోరి, "అక్కడ రాత్రి ఎక్కడ ఉండాలి?" అని అడిగేవారికి ఈ మాటలు. సాగర్ జలాశయము మధ్యనున్న ఆ దీవిలో యాత్రికులకు రాత్రి బస లేదు. విజయపురి సౌత్ నుండి లాంచీలో వెళ్లి, మ్యూజియం చూసి, తిరుగు లాంచీ తప్పక అందుకోవాలి. శుక్రవారము మ్యూజియం సెలవు. వృద్ధులతో, పిల్లలతో వెళ్లేవారు మాచర్లలో ముందుగానే గది చూసుకొనండి.

అయితే నేడు నీట మునిగియున్న ఆ లోయలో, సుమారు 1,700 సంవత్సరముల క్రితము, ఇక్ష్వాకుల కాలములో, పరదేశులకు కూడా చోటుండేది. సింహళ భిక్షువులకు అక్కడ విహారముండేది. బోధిసిరి అనే స్త్రీ పలుచోట్ల భిక్షువులకు గదులు కట్టించినట్లు అక్కడి శాసనము చెప్పుచున్నది. ఆనకట్ట నీరు రాకముందే, 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడములను కొండమీదికి, అనుపుకు తరలించారు. ఆ రాళ్లను తొందరపడక చూడండి. అన్యునికి తలదాచుకొను చోటిచ్చినవారి జ్ఞాపకము వాటిలో ఇంకా నిలిచియున్నది.