‘మై గోల్స్’ ఫారం ఈసారి ఎందుకు మారింది?

ఈ నెల మీ పిల్లల డైరీలో నాలుగు పేజీల కాగితం ఒకటి పెట్టి పంపుతున్నాం. పైన ‘మై గోల్స్’ అని ఉంటుంది. ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు ప్రతి ఏడాదీ వచ్చేదే కాబట్టి పేరు మీకు కొత్త కాదు. పెద్దపిల్లలున్న ఇళ్లలో పాత ఫారం ఒకటి అల్మరాలో ఎక్కడో ఉండే ఉంటుంది. తీసి పక్కన పెట్టి చూడండి. పాతది ఒకటే పేజీ, నిండా రంగులు, మొత్తం ఇంగ్లిష్. కొత్తది నాలుగు పేజీలు, తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, రెండు భాషలు. చూడటానికి పాతదే బాగుందని మా స్టాఫ్ రూములో కూడా కొందరన్నారు. చూడటానికి నిజంగానే బాగుంటుంది. మరి ఎందుకు మార్చామో చెబుతాను.

ముందుగా, ఈ ఫారం దేనికి పనికొస్తుందో తెలియాలి. ఇందులో రాసినది చదివాకే క్లాస్ టీచర్ పీటీఎంలో మీతో మాట్లాడతారు. ఫౌండేషన్ బ్యాచ్‌లో ఎవరుండాలి, ఎవరికి ఏ సబ్జెక్టులో సాయం కావాలి, ఆటల పీరియడ్‌లో ఎవరిని దేనికి పంపాలి అన్న మాట వచ్చినప్పుడు మార్కుల షీటు పక్కన ఇది కూడా ఉంటుంది. పిల్లవాడు ఏం చేశాడో మార్కులు చెబుతాయి. ఏం కావాలనుకుంటున్నాడో చెప్పే కాగితం మా దగ్గర ఇదొక్కటే. ఇది ఖాళీగా వస్తే ‘ఈ బాబుకు దేనిమీదా ఆసక్తి లేదు’ అన్న అభిప్రాయం టీచర్ల మనసులో పడిపోతుంది. ఒకసారి పడితే అంత తొందరగా పోదు.

ఖాళీగా ఎందుకు వచ్చిందో మాత్రం ఆ కాగితం చెప్పదు. చూపు తక్కువున్న పిల్లకు నీలం మీద పసుపు అక్షరాలు కనిపించి ఉండవు. చేతివేళ్లు బిగుసుకుపోయే పిల్లవాడు పేరు, సెక్షన్, రోల్ నంబరు రాసేసరికే ఇచ్చిన పది నిమిషాలూ అయిపోయి ఉంటాయి. డిస్‌లెక్సియా ఉన్న పిల్లకు ‘ఆర్కిటెక్ట్’ అని నోటితో చెప్పడం వచ్చు, స్పెల్లింగ్ రాదు. అందుకని స్పెల్లింగ్ వచ్చిన ‘డాక్టర్’ అని రాసి ఇచ్చేస్తుంది. మేం దాన్ని చదివి అమ్మాయి డాక్టర్ అవుతానంటోందని మీతో చెబుతాం. ముగ్గురికీ లక్ష్యం ఉంది. ఫారం నింపడమే వాళ్లకు ఇంకో పరీక్ష అయింది.

అందుకే మార్పులు అక్షరాల దగ్గర మొదలుపెట్టాం. ఇంగ్లిష్ అక్షరానికీ తెలుగు అక్షరానికీ ఒక తేడా ఉంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో వత్తు కింద వత్తు కూడా దిగుతుంది. ఇంగ్లిష్‌కు సరిపోయిన లైన్ గ్యాప్‌నే తెలుగుకూ ఇస్తే పై లైను వత్తు వచ్చి కింది లైను గుడికి తగులుతుంది. చూపు బాగున్నవాళ్లు అలవాటు మీద చదివేస్తారు. చూపు తక్కువున్న పిల్లలకూ, మ-య, ప-వ, ద-ధ దగ్గర తడబడే పిల్లలకూ అక్కడే లైను తప్పుతుంది. ఇప్పుడు అక్షరం సైజు 18, లైన్ల మధ్య ఒకటిన్నర రెట్ల జాగా. నాలుగు పేజీలు అయింది అందుకే.

రంగులు తీసేయడానికి కారణం వేరు. పాత ఫారంలో ‘చేయగలిగిన పనికి ఆకుపచ్చ, చేయలేని పనికి ఎరుపు వేయండి’ అని ఉండేది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత్వం పుట్టుకతో, ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకు ఆ క్రోమోజోమ్ ఒకటే కాబట్టి. చాలామందికి తమకు అది ఉందనే తెలియదు. ఇంట్లోవాళ్లకూ తెలియదు. రంగుల చోట ఇప్పుడు మాటలు పెట్టాం: ‘చేయగలను’, ‘సాయముంటే చేయగలను’, ‘ఇంకా రాదు’. నవ్వు ముఖం, ఏడుపు ముఖం బొమ్మలు కూడా తీసేశాం. ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు ముఖంలో భావం పట్టుకోవడమే కష్టం. వాళ్లను ముఖం బొమ్మ గుర్తుపట్టి జవాబు చెప్పమనడం ఏం న్యాయం?

ప్రింటుకు ఇచ్చే ముందు కొందరు పిల్లలతో నింపించి చూశాం. మాకెవరికీ తట్టనిది వాళ్లు చెప్పారు. టిక్కు పెట్టే గడి లైను చివర, కుడివైపు ఉండేది. కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చదివే పిల్లకు మాట ఒకచోట, గడి ఇంకోచోట. మాట చదివి గడి దాకా వెళ్లేసరికి పక్క లైనులో టిక్కు పడుతోంది. ఇప్పుడు గడి మాటకు ముందే, ఎడమవైపు ఉంటుంది.

ఫోన్‌లో నింపేవాళ్ల సంగతి. ఇన్నాళ్లూ ఫారాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు. స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఫొటోలోని అక్షరాలను మామూలుగా చదవలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘టాక్‌బ్యాక్’ పేరుతో అది ముందే ఉంటుంది. ఫొటో బదులు పీడీఎఫ్ పంపితే సరిపోతుందనుకుంటాం గానీ తెలుగులో ఇంకో చిక్కుంది. డీటీపీ షాపుల్లో చాలాకాలంగా వాడే ‘అను’ లాంటి ఫాంట్లలో టైపు చేసినది మన కంటికి తెలుగే. కంప్యూటరుకు మాత్రం అవి వేరే గుర్తులు. చదివించి వింటే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు వినిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేస్తేనే తెలుగును తెలుగుగా చదువుతుంది. అందుకని ఫారం మొత్తం యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించాం. చూపు లేని విద్యార్థికే కాదు, చూపు లేని తండ్రికీ ఇది పనికొస్తుంది. పిల్లల ఫారం పేరెంట్స్ కూడా చదవాలి కదా.

ఇక అసలు ప్రశ్న. పాత ఫారం చివర ‘నేను కావాలనుకునేది’ అని రాసి డాక్టర్, ఇంజనీర్, ఐఏఎస్, ఇతరములు అని నాలుగు గడులుండేవి. బొల్లా శ్రీకాంత్ పేరు మీరు వినే ఉంటారు, 2024లో ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టుకతోనే చూపు లేకుండా పుట్టిన మనిషి. పదో తరగతి పాసయ్యాక సైన్స్ గ్రూపు ఇవ్వనంటే కోర్టుకు వెళ్లి తెచ్చుకున్నారు. అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. విద్యార్థిగా ఉన్నప్పుడు అబ్దుల్ కలాం గారు లక్ష్యం ఏమిటని అడిగితే, దేశానికి తొలి అంధ రాష్ట్రపతి కావాలని ఉందన్నారట. ఆ జవాబుకు మా పాత ఫారంలో గడి లేదు, ‘ఇతరములు’ తప్ప. కలాం గారు అడిగింది నోటిమాటగా, ఆయన చెప్పిందీ నోటిమాటగా. కొత్త ఫారంలో ఆ నాలుగు గడులూ లేవు. ఖాళీ జాగా ఉంది. రాయొచ్చు, బొమ్మ వేయొచ్చు, ఆడియో పంపొచ్చు, టీచర్‌కు చెప్పి రాయించుకోవచ్చు. ఈ నాలుగు దారులూ పిల్లలందరికీ. ‘వికలాంగులకు వేరే ఫారం’ అని పెడితే దాన్ని తీసుకోవడానికి ఏ పిల్లవాడూ చెయ్యి ఎత్తడు. భద్రాచలం వైపు నుంచి వచ్చి ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకు కూడా బొమ్మ, ఆడియో హాయిగా ఉంటాయని నా అంచనా.

రెండో పేజీలో ఆరు చిన్న ప్రశ్నలున్నాయి. చూడటం, వినడం, నడవడం, గుర్తుపెట్టుకోవడం, తన పనులు తాను చేసుకోవడం, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. ఒక్కోదానికి ‘ఇబ్బంది లేదు’, ‘కొంచెం ఇబ్బంది’, ‘చాలా ఇబ్బంది’, ‘అసలు కుదరదు’ అన్న నాలుగు జవాబులు. ఇది మేం కనిపెట్టింది కాదు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ జనాభా లెక్కల కోసం తయారుచేసిన ప్రశ్నల దారిలో రాసుకున్నాం. ఆ ప్రశ్నల్లో ‘వైకల్యం’ అన్న మాట ఎక్కడా రాదు, కావాలనే రానివ్వలేదు. ‘మీకు వైకల్యం ఉందా’ అంటే చాలామంది లేదనేస్తారు. ‘బోర్డు మీద అక్షరాలు కనిపించడం కష్టంగా ఉందా’ అంటే ఉన్నది చెబుతారు.

ఈ పేజీ చూసి ఒక తల్లి నన్ను అడిగారు: ‘మేడమ్, ఇందులో నిజం రాస్తే మా బాబును సెక్షన్ మారుస్తారా?’ ఈ భయం ఆమె ఒక్కరిదే కాదని నాకు తెలుసు. ఇబ్బంది దాచిపెట్టి చదివించే పేరెంట్స్ ప్రతి స్కూల్లోనూ ఉంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచింది, డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలను కూడా చేర్చింది. ప్రభుత్వ సాయం లేదా గుర్తింపు ఉన్న స్కూళ్లు వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ, ఒక్కో విద్యార్థి అవసరాన్ని బట్టి ఏర్పాట్లు చేయాలనీ అందులో ఉంది. కాబట్టి ఆ తల్లికి నేను చెప్పిన జవాబే మీకూ: ఈ పేజీని క్లాస్ టీచర్, ప్రిన్సిపాల్ చూస్తారు. గ్రూపులో పెట్టం, క్లాసులో చదవం. ముందు బెంచీ, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, నోట్స్ రాసుకోవడానికి ఎక్కువ టైము, ఇలాంటి వాటికే వాడతాం. సదరం సర్టిఫికెట్ జిరాక్స్ కూడా అడగం. సర్టిఫికెట్‌లో 40 శాతం వస్తే ప్రభుత్వ ప్రయోజనాలకు అర్హత ఉంటుంది. 25 శాతం వచ్చిన పిల్లవాడికి కూడా బోర్డు కనిపించదు.

ఒక్క విషయంలో మీ సాయం కావాలి. పిల్లల తరఫున మీరు జవాబు రాయకండి. వైకల్యమున్న పిల్లలకు కూడా మిగతా పిల్లలతో సమానంగా తమ అభిప్రాయం చెప్పుకునే హక్కుందనీ, అందుకు కావలసిన సాయం అందాలనీ భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఏడో అధికరణలో ఉంది. పెన్ను మీరు పట్టుకోవచ్చు, మాట మాత్రం పిల్లలది. మీకు నచ్చని మాటైనా అలాగే రాయండి. ‘రైలు నడుపుతా’ అంటే ‘ఇంజనీర్’ అని దిద్దకండి. ఎర్రుపాలెం స్టేషన్ పక్కన పెరిగే పిల్లలకు ఆ కోరిక ఎందుకు పుట్టిందో వేరే చెప్పాలా? మాట స్పష్టంగా రాని పిల్లలకు రెండు వస్తువులో, రెండు ఫొటోలో చూపించి ఏది ఇష్టమో అడగండి. కాసేపు ఆగి, స్థానాలు మార్చి మళ్లీ అడగండి. రెండుసార్లూ ఒకటే చూపిస్తే అదే జవాబు.

పాత ఫారం మర్నాడే తిరిగి ఇవ్వాలనేవాళ్లం. మిర్చి కోతల రోజుల్లో పేరెంట్స్ ఇంటికి చేరేసరికే చీకటి పడుతుంది. అందుకే ఈసారి వారం గడువు. ఆడియో పంపేవాళ్లు గ్రూపులో కాకుండా క్లాస్ టీచర్ నంబరుకు విడిగా పంపండి. ముందు పేరు, సెక్షన్ పిల్లల గొంతుతోనే చెప్పించండి. వినికిడి ఇబ్బంది ఉండి సైగలతో మాట్లాడే పిల్లలైతే వీడియో తీయండి, చేతులు రెండూ ఫ్రేములో పడేలా, వెలుతురు ముఖం మీద ఉండేలా. వీడియో పెద్దదై వెళ్లకపోతే పిల్లలతో పాటు స్కూలుకు వచ్చి ఏ సాయంత్రమైనా చూపించండి, ఐదింటి దాకా ఉంటాం.