చదివింది చేతికి రావాలి

మా వసతి గృహంలో నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివేవాళ్ళం పదిమందిమి ఉన్నాం. సెలవులకు ఊరెళితే "డాక్టరమ్మ వచ్చింది" అంటారు. ఆ మాటకు సంతోషంతో పాటు భయమూ వేస్తుంది. మా కళ్ళ ముందే ఎవరికైనా గుండె ఆగిపోతే మేమేం చేయగలం?

ఇక్కడే చదివి ఇప్పుడు స్టాఫ్ నర్సుగా ఉన్న అక్క ఒకరు ఈ ఏడాది వచ్చి, బొమ్మ మీద మాచేత సి.పి.ఆర్. చేయించారు. పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న మాలో ఎవరికీ ఛాతీ సరైన లోతుకు దిగలేదు. రెండు నిమిషాలకే చేతులు నొప్పెట్టాయి. "సిగ్గుపడకండి. శిక్షణ అయిన ఆరు నెలలకు నేనూ మరిచిపోయాను. మళ్ళీ నేర్చుకున్నాను" అన్నారు అక్క.

గుండె ఆగితే మెదడుకు రక్తం అందదు. నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మన రాష్ట్రంలో 2005లో మొదలైన 108 వాహనం ఎంత వేగంగా వచ్చినా, ఆ నిమిషాలు పక్కనున్నవారి చేతుల్లోనే ఉంటాయి.

మనిషి పిలిచినా, తట్టినా పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే వెంటనే 108కి ఫోన్ చేయించాలి. ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే బతికే ఉన్నాడులే అని ఊరుకోకూడదు. అది గుండె ఆగిన గుర్తే కావచ్చు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యన అరచేతి మడమ ఆనించి, రెండో చేయి దానిపై వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. పెద్దవారికి 5 నుండి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుండి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. శిక్షణ ఉన్నవారు 30 సార్లు నొక్కి 2 సార్లు శ్వాస ఇవ్వాలి. శిక్షణ లేనివారు ఆపకుండా నొక్కినా మేలే. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. చెరువులో, బావిలో మునిగినవారికి మాత్రం శిక్షణ ఉన్నవారు ముందు శ్వాస ఇవ్వాలి.

ఒకసారి నేర్చుకుంటే చాలదా? చాలదు. ఛాతీ నొక్కే ఈ పద్ధతిని 1960లో అమెరికా పరిశోధకులు లోకానికి తెలిపారు. ఆ తర్వాత ఇది ఎన్నోసార్లు మారింది. 2005 వరకు పెద్దవారికి 15 సార్లు నొక్కి 2 శ్వాసలు ఇమ్మనేవారు. 2010 నుండి శ్వాసకన్నా ముందు నొక్కడం మొదలుపెట్టమన్నారు. పాత పాఠంతోనే ఆగిపోయిన వైద్య సిబ్బంది పాత పద్ధతిలోనే చేస్తారు. సాధన లేకపోతే తెలిసిన పద్ధతి కూడా చేతికి రాదు.

అందుకే మూడు నెలలకొక ఆదివారం బొమ్మ మీద సాధన చేయాలని మేం నిర్ణయించుకున్నాం. వార్డెన్ గారు అందుకు ఒప్పుకున్నారు. చెల్లెళ్ళారా, ఏ కోర్సు చదివేవారైనా రండి. డాక్టరమ్మ అన్న పిలుపుకు మన చేతులు తగినవి కావాలి.