మూత కింద ఏముంది?

మన మరుగుదొడ్ల వెనకాల సిమెంటు మూత ఉంది కదా, దాని కింద ఉన్నదే సెప్టిక్ ట్యాంకు. అందులో మలం అడుగున మడ్డిగా పేరుకుంటుంది. పైనీరు ఇంకుడు గుంతలోకి పోతుంది. ఆ నీరు శుభ్రమైంది కాదు. దగ్గర్లో బోరు ఉంటే క్రిములు అందులోకి చేరతాయి. ఇళ్లు ఇరుకైన పట్నాల్లో నేల ఇంత మురుగును తట్టుకోలేదు.

అందుకే అక్కడ భూగర్భ డ్రైనేజీ వేస్తారు. గొట్టాలు వాలుగా పరిస్తే మురుగు దానంతటదే శుద్ధి కేంద్రానికి పారుతుంది. అక్కడ గాలి ఊదితే బాక్టీరియా పెరిగి మురికిని తినేస్తుంది. ఇంటి గొట్టం కలిపాక పాత ట్యాంకును ఖాళీ చేసి ఇసుకతో పూడ్చాలి. లేదంటే మూత కూలి ఎవరైనా పడతారు.

ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఉంటుంది. కొంచెమైతే కుళ్లిన గుడ్డు కంపు. బాగా ఎక్కువైతే కంపే తెలీదు, దిగినోడు పడిపోతాడు. కాపాడబోయి దిగినోడూ పడిపోతాడు. రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణం మాత్రం తిరిగిరాదు.

భూగర్భ డ్రైనేజీ మన దగ్గరికి వచ్చేదాకా నేను చెప్పేది ఒక్కటే. రెండు మూడేళ్లకోసారి మడ్డిని మిషన్ బండితోనే తీయించాలి. వార్డెన్ గారూ, మన ట్యాంకు ఆఖరిసారి తీయించిన తేదీ గోడమీద రాయిస్తారా?