పొట్లకాయకు రాయి ఎందుకు కడతారో మీకు తెలుసా?

పొట్లపిందె కొసకు చిన్న రాయి కట్టి వేలాడదీస్తే ఆ బరువుకు కాయ మెలి తిరగకుండా తిన్నగా సాగుతుంది. బీరకు, కాకరకు రాయి అక్కర్లేదు, పందిరి నుంచి వేలాడితే చాలు. అదే తీగ నేలమీద పాకితే కాయ వంగుతుంది, మన్ను తగిలిన వైపు పసుపుబారి కుళ్లుతుంది. తడి మట్టి చింది ఆకులకు తెగుళ్లు అంటుకునేదీ అక్కడే ఎక్కువ. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని బలసముద్రం వంటి మెట్ట పల్లెల్లో బోరు నీళ్లు ఎంతో విలువైనవి. పెట్టిన తడికి అమ్ముడుపోయే కాయలు ఎక్కువ దక్కడమే పందిరి వల్ల అసలు లాభం.

పందిరికి అంత పెట్టుబడి ఎక్కడిదని రైతు అడగడం న్యాయమే. కట్టెలకు చెదలు పడతాయి, మళ్లీ మళ్లీ కొనాలి. రాతి కూసాలు పాతితే ఏళ్ల తరబడి నిలుస్తాయి, పంట మారినా పందిరి అదే. గాలికి కూలదా అంటారు. బిగించిన ఇనుప తీగల లాగుడంతా అంచు కూసాల మీదే పడుతుంది కాబట్టి వాటిని కాస్త బయటికి వాల్చి లోతుగా పాతాలి, వెనక భూమిలో పూడ్చిన బండకు తీగతో లాగి కట్టాలి. ఖర్చు తగ్గించక తప్పకపోతే నడిమి కూసాలు కొంచెం ఎడంగా పాతుకోండి, అంచుల దగ్గర మాత్రం వెనకాడకండి.