వియన్నాలో తోరాగారు

సంక్రాంతి వస్తోందంటే మన వైపు మూడు పనులు తప్పవు: అరిసెలు వండడం, ముగ్గులు పెట్టడం, ఇంటిల్లిపాదీ కొత్త సినిమాకి వెళ్ళడం. జపాన్‌వాళ్ళకీ ఇలాంటి పండగ సినిమా ఒకటి ఉండేదని నాకు డెర్బీ వచ్చాకే తెలిసింది.

మా ఫ్యాక్టరీలో జపాన్ నుంచి కొన్నేళ్ళ డ్యూటీ మీద వచ్చిన పెద్ద ఇంజనీరుగారు ఒకాయన ఉండేవారు. ఒక డిసెంబరులో, క్రిస్మస్ సెలవులకి ముందు, "మీరు ఇంటికి వెళ్ళడం లేదా?" అని అడిగారు. "ఈసారి లేదండీ" అన్నాను. కారణం చెప్పలేదు. అంతకుముందు వేసవిలో తెనాలి వెళ్ళి, నాన్నగారి ఇల్లు అమ్మే విషయంలో అక్కతో మాటా మాటా అనుకున్నాను. మూడు వారాల సెలవు మీద వెళ్ళినవాణ్ణి రెండో వారంలోనే పెట్టె సర్దుకొని వచ్చేశాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మర్నాడు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్న డీవీడీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు.

ఆ సినిమాల వరసకి పేరు 'ఒతోకో వా త్సురాయి యో'. మగవాడి బతుకు కష్టమండీ అని చెప్పుకోవచ్చు. హీరో పేరు తోరాజిరో. అందరూ 'తోరా-సాన్' అంటారు. 'సాన్' అంటే మన 'గారు' లాంటిది. టోక్యో శివార్లలోని షిబమాతాలో బాబాయి, పిన్నిల మిఠాయి కొట్టే అతని ఇల్లు. చేసే పని ఊరూరా తిరిగి తిరునాళ్ళలో సరుకులు అమ్మడం. గళ్ళ కోటు, నెత్తిన టోపీ, చేతిలో పాత పెట్టె. ప్రతి సినిమాలోనూ సుమారు ఒకటే కథ. చెప్పాపెట్టకుండా ఇంటికొస్తాడు. అందరూ సంబరపడతారు. అంతలో ఎవరో ఏదో అంటారు, అతను అలుగుతాడు, పెట్టె పట్టుకొని వెళ్ళిపోతాడు. ఎక్కడో ఒకావిడ మీద మనసు పడతాడు. అదీ కుదరదు.

మొదట ఇది టీవీ సీరియల్. అందులో తోరాని పాము కరిచి చంపేస్తే ప్రేక్షకులు గోల పెట్టారట! దాంతో దర్శకుడు యోజి యమదా 1969లో సినిమాగా తీశారు. అది మొదలు 1995 దాకా 48 సినిమాలు వచ్చాయి. అన్నింటిలోనూ హీరో కియోషి అత్సుమీయే. మూడు, నాలుగు తప్ప మిగతావన్నీ యమదా దర్శకత్వం వహించినవే. చాలా ఏళ్ళపాటు ఏడాదికి రెండు వచ్చేవి: ఆగస్టులో పితృదేవతల పండగకి ఒకటి, కొత్త సంవత్సరానికి ఒకటి.

నాకిచ్చింది 41వది, 1989లో వచ్చింది. ఆఫీసు పనితో విసిగి రైలు కింద పడబోయిన ఒక ఉద్యోగిని తోరా ఓదారుస్తాడు. ఆ మనిషికి వియన్నా చూడాలని కోరిక. తోరాని వదలడు, వెంట లాక్కుపోతాడు. అతను మ్యూజియంలు చూస్తుంటే మన తోరాకి ఆ తిండి సయించదు, ఊరు నచ్చదు. బయటికెళ్ళి తప్పిపోతాడు. మొదటిసారి మా పెదనాన్నని లండన్ తీసుకెళ్ళిన రోజు గుర్తొచ్చి నేను పగలబడి నవ్వాను.

తప్పిపోయిన తోరాకి కుమికో అనే జపాన్ అమ్మాయి కనిపిస్తుంది. అక్కడే గైడుగా పనిచేస్తోంది. ఏళ్ళ తరబడి ఇంటి ముఖం చూడలేదు. తోరా మాట, తోరా నవ్వు ఆమెకి సొంత ఊరే నడిచొచ్చినట్టుంటాయి. ఇక ఉండలేక, అతనితో పాటే జపాన్ వెళ్ళిపోతానంటుంది. తీరా ఎయిర్‌పోర్టుకి ఆమె ప్రేమించిన ఆస్ట్రియా కుర్రాడు పరిగెత్తుకొస్తాడు. ఆమె ఆగిపోతుంది. ఆమె లేకుండానే తోరా విమానం ఎక్కుతాడు.

అక్కడ నా నవ్వు ఆగిపోయింది. వెళ్ళడం తప్పని గానీ, ఉండిపోవడం తప్పని గానీ సినిమా చెప్పదు. మన ఇళ్ళల్లో ప్రతి ఏడూ "వచ్చే ఏడు వెళ్ళిపోదాం" అనుకొనే మాట ఇదేగా!

తరవాత మిగతావీ ఒక్కొక్కటే అడిగి తెచ్చుకొని చూశాను. చూడగా చూడగా తోరా అలకలకన్నా చెల్లెలు సకురా మీదే దృష్టి నిలిచింది. చాలా సినిమాల్లో ఆమె స్టేషన్ దాకా వెళ్ళి అన్నని సాగనంపుతుంది, దారి ఖర్చులకి డబ్బు చేతిలో పెడుతుంది. ఎన్నిసార్లు పోట్లాడి వెళ్ళినా మళ్ళీ వస్తే ఆ ఇంటి తలుపు తీసే ఉంటుంది. పోట్లాటలు లేని ఇల్లు ఎక్కడా లేదు. పోట్లాడాక కూడా వెళ్ళగలిగేదే ఇల్లని నాకు అప్పుడర్థమైంది.

కానీ తలుపు తీసి ఉంటే సరిపోదు, వచ్చే మనిషి కూడా ఉండాలి. అత్సుమీ జబ్బుతోనే 48వ సినిమాలో నటించారు. 1996 ఆగస్టులో 68వ ఏట పోయారు. 2019లో 50వ సినిమా వచ్చింది. అందులో సకురా ముసలిదైంది, అన్న మాత్రం జ్ఞాపకాల్లోనే కనిపిస్తాడు. షిబమాతా స్టేషన్ ముందు పెట్టె పట్టుకొని వెనక్కి తిరిగి చూస్తున్న తోరా విగ్రహాన్ని 1999లో పెట్టారు. సాగనంపుతున్న సకురా విగ్రహం 2017లో గానీ రాలేదు. అంటే పద్దెనిమిదేళ్ళు అతను ఒక్కడే వెనక్కి చూస్తూ నిలబడ్డాడన్నమాట.

ఆ వేసవి తెనాలి స్టేషన్లో నేను వెనక్కి తిరిగి చూడలేదు. అక్క మాత్రం వచ్చింది, పెరుగన్నం పొట్లం కిటికీలోంచి అందించింది.

చివరి డీవీడీ తిరిగిచ్చిన రోజు రాత్రి ఫోన్ చేశాను. "ఎప్పుడొస్తున్నావురా?" అంది, మధ్యలో ఏమీ జరగనట్టే. ఇంటి సంగతి ఇంకా తేలలేదు. ఈసారి వెళ్ళినప్పుడు మళ్ళీ పోట్లాడతాం కాబోలు. టిక్కెట్టు మాత్రం కొనేశాను.