తోటలో గొలుసు రంపము

కడప జిల్లాలోని సింహాద్రిపురము, పులివెందుల ప్రాంతములు చీనీ తోటలకును, అరటి తోటలకును పేరుపొందినవి. చీనీ చెట్టు ముదిరిన కొలది ఎండుకొమ్మలు హెచ్చును. వరుసగా వానలు తప్పిన యేండ్లలో చెట్లకు చెట్లే ఎండిపోవును. వీనిని గొడ్డలితో నరికి, గట్టున కుప్పవేసి నిప్పంటించుట పాత అలవాటు. ఇక గట్లను, వంకలను ఆక్రమించిన సర్కారు తుమ్మ సంగతి చెప్పనక్కరలేదు. ఈ ముండ్ల చెట్టు స్వదేశము అమెరికా ఖండము. 1877 ప్రాంతమున వంటచెరకు కొరకై జమైకా నుండి విత్తనములు తెప్పించి ఇదే జిల్లాలోని కమలాపురము వద్ద నాటిరి. భారతదేశమున దానిని నాటిన తొలి తావులలో అది యొకటి.

నేడు గొడ్డలి స్థానమున పెట్రోలుతో నడుచు గొలుసు రంపము వచ్చినది. గొలుసు లింకులకు పండ్లు అమర్చి, ఆ గొలుసును బారు అను ఉక్కు పలక అంచు చుట్టు త్రిప్పుటయే ఇందలి ఏర్పాటు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడుచు రంపమును, 1929లో పెట్రోలు రంపమును తయారుచేసెను. అయితే నాటి గొలుసు పండ్లు చేతిరంపపు పండ్లవలెనే యుండి త్వరగా మొద్దుబారెడివి. 1946లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కలపకోత పనివాడు ఒక మొద్దులో పెంకుపురుగు డింభకము కొయ్యను తొలుచుట గమనించెను. అది తన వంకర దవడలతో ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు కొరుకుచు, నార వెంబడిని, నారకు అడ్డముగను గూడ అవలీలగా సాగిపోవుచుండెను. కాక్స్ ఆ దవడల రూపమును ఉక్కులో దింపెను. నేటి తోటరైతు చేతిలోని గొలుసుకును ఆ రూపమే మూలము. ఒక పన్ను కుడివైపుకు, తరువాతిది ఎడమవైపుకు ఉండును. పంటి ప్రక్క అంచు నారను తెంచును; పై అంచు వడ్రంగి చిత్రిక పట్టినట్లు దానిని లేపును. పంటికి ముందున్న చిన్న బొడిపె కోత యెంత లోతుగ పడవలెనో నిర్ణయించును.

కనుక రంపము పనితనము ఇంజనుకన్న పంటి అంచు మీదనే హెచ్చుగ ఆధారపడియున్నది. వాడియైన గొలుసు పలుచని పేళ్ళను విసరును. మొద్దుబారినది పొడిని రాల్చును. పొడి కనబడగానే పని ఆపవలెను. చాలమంది ఆపరు, మరింత బలముగ అదుముదురు. అప్పుడు రాపిడికి బారు వేడెక్కును, గొలుసు సాగును, చేతులు అలసిపోవును. ప్రమాదములు పొంచియుండునది అలసిన చేతుల దగ్గరనే.

పదును పెట్టుటకు గుండ్రని ఆకురాయి కావలెను. చిన్న గొలుసులకు 4 మిల్లీమీటర్లది, కొంచెము పెద్దవానికి 4.8 మిల్లీమీటర్లది సరిపోవును. ఏది తగునో యంత్రముతో వచ్చిన పుస్తకములో ఉండును. ఆకురాయిని పంటి లోపలి నుండి వెలుపలికి, ఒకే దిక్కుగ, సామాన్యముగ 30 డిగ్రీల కోణములో త్రోయవలెను. అన్ని పండ్లకును లెక్కపెట్టి సమానముగ త్రోయుట ముఖ్యము. ఒక వైపు పండ్లు పొట్టివైనచో కోత ఆ ప్రక్కకో ఈ ప్రక్కకో వంకరపోవును.

గొలుసు వేగము ఎంతయో విద్యార్థులు గుణించి చూడవచ్చును. గొలుసును త్రిప్పు చక్రమునకు 7 పండ్లున్నవనుకొందము. ఒక్కొక్క పంటికి గొలుసు 19 మిల్లీమీటర్లు సాగును. అనగా ఒక చుట్టుకు 133 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషమునకు 9,000 చుట్లు తిరిగినచో సెకనుకు 150 చుట్లు, దాదాపు 20 మీటర్లు. ఇది గంటకు 72 కిలోమీటర్ల వేగము! బారు కొన పైభాగము ఏ కొమ్మకైనను తగిలినచో ఈ వేగమంతయు ఎదురుతిరిగి, రంపము కన్నుమూసి తెరచునంతలో మనిషి ముఖము వైపు ఎగురును. ముందరి పిడి ఎదుటనున్న రేకు గొలుసును ఆపు బ్రేకు. అది పనిచేయని రంపమును చేతబట్టరాదు. భుజము కన్న ఎత్తున కోయరాదు. చెట్టెక్కి ఒంటి చేతితో కోయుట మరీ అవివేకము.

కొనునప్పుడు పెద్ద బారును చూచి మురియుట కలదు. అంగళ్ళలో 58 సి.సి. ఇంజనుకు 22 అంగుళముల బారు తగిలించి చౌకగ అమ్ముదురు. చీనీ కొమ్మకు అంత బారు దేనికి? 35 నుండి 40 సి.సి. ఇంజను, 14 లేక 16 అంగుళముల బారు గల రంపము తేలికగ ఉండును, పని సాగును. వేప, చింత మొద్దులు కోయువారికి మాత్రమే పెద్దది అవసరము. విడిభాగములు పులివెందులలోనో ప్రొద్దుటూరులోనో దొరకునా అని విచారించుట ధర బేరమాడుట కన్న మేలు.

ఈ ఇంజను టూ స్ట్రోకు. పూర్వము లూనా నడిపినవారికి దీని సంగతి తెలియును. ఇంజనులోపలి భాగములకు పెట్రోలులో కలిపిన నూనెయే కందెన. 50కి 1 చొప్పున కలుపుమన్నచో లీటరుకు 20 మిల్లీలీటర్లు. నూనె లేని పెట్రోలు పోసినచో పిస్టను గీరుకొని పాడగును. 2025 నాటికి బంకులలోని పెట్రోలులో ఇథనాలు 20 శాతము వరకు చేరినది. అది గాలిలోని తేమను పీల్చి, కార్బురేటరులోని రబ్బరు పొరలను చెరచును. అందుచే పని ముగిసి నెలలు మూలపెట్టునప్పుడు టాంకు ఖాళీచేసి, మిగిలినది హరించువరకు ఇంజనును నడపవలెను. గొలుసు నూనె వేరు. దానికి బదులు ట్రాక్టరు నుండి తీసిన నల్లనూనె పోయుట దుబారాయే. అందలి లోహపు నలుసులు బారును అరగదీయును. గాలి వడపోతను దినదినము దులుపవలెను.

కోసిన కొమ్మలను కాల్చక తునకలు చేయుటకు ట్రాక్టరుతో నడుచు చిప్పరు కలదు. బరువైన చక్రమునకు కత్తులు బిగించి, ఎదుట కదలని ఉక్కు దిమ్మ నుంచుదురు. కత్తికిని దిమ్మకును నడుమ సందు హెచ్చినచో కొమ్మ తెగక నలుగును. ఇనుప ముక్క, కంచె తీగ, వేళ్ళకంటిన రాయి కత్తులను పాడుచేయును. రెండు కత్తులు, నిమిషమునకు 1,000 చుట్లు, 10 మిల్లీమీటర్ల తునక అనుకొనినచో కొమ్మ సెకనుకు 33 సెంటీమీటర్లు లోనికి పోవును. కొమ్మకు చిక్కిన చొక్కా చేయి రెండు సెకనులలో భుజము దాక పోవునన్నమాట. ఇంజను ఆపిన తరువాత కూడ చక్రము కొంతసేపు తిరుగుచుండును. అది పూర్తిగ నిలిచిన పిదపనే మూత తెరువవలెను. అరటి బోదెలు దీనికి పనికిరావు. నార ఇరుసుకు చుట్టుకొనును.

తునకలను పాదులలో మూడు నాలుగు అంగుళముల మందమున పరచినచో నేల తేమ త్వరగా ఆరదు. మొదలుకు జానెడు దూరము విడువవలెను. వానిని మట్టిలో కలిపి దున్నరాదు. కొయ్యను క్రుళ్ళించు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకొనుటచే చెట్టుకు కొరత కలుగును. వేరుకుళ్ళుతో చచ్చిన చీనీ తునకలను మంచి చెట్ల పాదులలో వేయరాదు. సర్కారు తుమ్మనైతే కాయలు ముదురక మునుపే తునకలు చేయవలెను. దాని మొద్దును వేరుతో పెకలించనిచో తిరిగి పిలకలు వేయును.