యాంటెన్నా సిమ్యులేషన్‌లో దెయ్యం ఫ్రీక్వెన్సీ: మెష్ పెంచినా పోదు!

ఫోన్ రివ్యూల్లో నేను సిగ్నల్ బార్లు చూసి మార్కులేస్తాను. కానీ ఆ యాంటెన్నా ముందు పుట్టేది కంప్యూటర్‌లో, మాక్స్‌వెల్ సమీకరణాలను సాల్వ్ చేసే సాఫ్ట్‌వేర్‌లో. మరి ఆ సాఫ్ట్‌వేరే లేని ఫ్రీక్వెన్సీని ఉన్నట్టు చూపిస్తే? ఇంజినీర్లు దీన్ని స్ప్యూరియస్ మోడ్ అంటారు. నేనైతే దెయ్యం అంటాను.

చేత్తో లెక్కేద్దాం

10 సెం.మీ. భుజం ఉన్న చతురస్రం తీసుకోండి. చుట్టూ లోహపు గోడ, లోపల ఖాళీ. 2డీ లెక్కే. రెండు పూర్ణాంకాల వర్గాలు కలిపి (ఒకటి సున్నా కావచ్చు, రెండూ కాకూడదు), వర్గమూలం తీసి, 1.5తో గుణిస్తే రెసొనెన్స్ గిగాహెర్ట్జ్‌లో వచ్చేస్తుంది. మొత్తాలు 1, 2, 4, 5, 8... అంటే 1.5, 2.12, 3, 3.35, 4.24. మీరెలా కలిపినా 6 రాదు.

ఇప్పుడు ఆ చతురస్రాన్ని చిన్న గళ్లుగా చేసి, ప్రతి గడినీ రెండు కర్ణాలతో నాలుగు త్రిభుజాలుగా కోయండి. ఫీల్డ్ విలువల్ని త్రిభుజాల మూలల్లో పెట్టే నోడల్ ఎలిమెంట్లతో సాల్వ్ చేస్తే 6 కూడా వస్తుంది! అంటే 3.67 గిగాహెర్ట్జ్, సరిగ్గా 5జీ ఎన్78 బ్యాండ్‌లో. మెష్ సన్నం చేసేకొద్దీ అది మాయమవదు, ఇంకా 6కే దగ్గరవుతుంది. అందుకే “మెష్ పెంచినా ఆన్సర్ మారలేదు, కాబట్టి కరెక్ట్” అనే లాజిక్‌ని నేను నమ్మను.

ఎందుకిలా?

కర్ల్ సున్నా అయ్యే ఫీల్డులు లెక్కలేనన్ని. అవన్నీ సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గరే ఉండాలి. నోడల్ ఎలిమెంట్లు ఆ గుంపుని సరిగ్గా పట్టుకోలేవు. దాంతో తప్పుడు జవాబులు అసలు మోడ్‌ల మధ్యలో దూరతాయి.

మందు ఏంటి?

ఎడ్జ్ ఎలిమెంట్లు. ఫ్రెంచ్ గణితవేత్త నెదెలెక్ 1980లో 3డీకి వీటిని ఇచ్చాడు. ఇక్కడ విలువలు మూలల్లో కాదు, అంచుల మీద ఉంటాయి. పక్కపక్క ఎలిమెంట్ల మధ్య ఫీల్డ్‌లో అంచు వెంబడి ఉండే భాగం మాత్రమే కలవాలి. నిజంగా కూడా అంతే కదా: గాజు నుంచి గాలిలోకి వెళ్లేటప్పుడు ఎలక్ట్రిక్ ఫీల్డ్‌లో సరిహద్దుకి నిలువుగా ఉండే భాగం ఒక్కసారిగా మారిపోతుంది. కర్ల్ లేని ఫీల్డులు సున్నా దగ్గరే కూర్చుంటాయి, వాటిని పక్కన పెట్టేస్తే సరి.

ప్రాజెక్ట్ కోసం కొత్త సాల్వర్ పట్టుకున్నారా? ముందు ఎలిమెంట్ రకం చూడండి. తర్వాత ఈ చతురస్రాన్నే రన్ చేయండి. 5కీ 8కీ మధ్య ఏదైనా కనిపిస్తే, ఆ సెట్టింగ్స్‌తో మీ యాంటెన్నా డిజైన్ మొదలుపెట్టొద్దు.